పుల్ల కొలతకు అందని పాదాలు

పినపాక అవతలి అడవి పల్లెల్లో ఫ్లోరెన్సు సిస్టరంటే తెలియని గడప లేదు. నర్సుగా చేరిన నాటి నుంచి వాగులు, బురద బాటలు దాటుకుంటూ పోయి కానుపులు చేసింది. చెప్పులు కాళ్లకు తొడుక్కుని నడిచిన దూరం కన్నా చేత పట్టుకుని నడిచిన దూరమే ఎక్కువ. అందుకేనేమో ఆమె పాదాలు వేళ్ల దగ్గర విసనకర్రలా విచ్చుకున్నాయి.

ఆమెకు జీతమిచ్చే చిన్న ఆసుపత్రి 2004లో మూతపడింది. కల్లు దుకాణం మూస్తే రోడ్డు మీద కూర్చునే పెద్దమనుషులు ఆసుపత్రి మూస్తే నోరు మెదపలేదు. ఖమ్మంలో నర్సింగ్ హోముల వాళ్లు రమ్మన్నారు. పోలేదు. కిటికీ వెనక కూర్చుని టోకెన్లు ఇయ్యడానికి తాను నర్సు కాలేదంది. చివరకు హిమాచల్ కొండల్లోని ఒక ఆసుపత్రి నుంచి పిలుపు వచ్చింది. చలికాలంలో బండ్లు పోలేని ఊళ్లకు మంచులో నడిచిపోయి గర్భిణులను చూసే పని. అక్కడి డాక్టరమ్మ ఫోనులో ఒక్కటే షరతు పెట్టింది. మొదటి మంచు పడ్డప్పుడు తమతో సమానంగా నడవాలి, నడవలేకపోతే తిరుగు బండి ఎక్కాలి. ముందు వచ్చిన నర్సు చలికి కాలివేళ్లు చెడగొట్టుకుని వెళ్లిపోయిందట. తడి చొరని బూట్లు తెచ్చుకొమ్మని మరీ మరీ చెప్పింది.

నలభై దగ్గర పడ్డ మనిషికి నడిచే పని ఇచ్చేవాళ్లు ఇంకెవరూ లేరని ఫ్లోరెన్సుకు తెలుసు. ఇది పోతే ఇక ఆ కిటికీయే.

అన్న ఆంథోని మిర్చి లారీ నడుపుతాడు. "బూట్ల సంగతి నాకిడిసెయ్ చెల్లె. హైదరాబాదు పొయ్యేటోన్ని నేనే గద," అన్నాడు. చీపురుపుల్ల ఒకటి లాగి, ఆమె మడమ నుంచి బొటనవేలి కొస దాకా ఆనించి తుంచాడు. ఆ ఇంట్లో ఎవరికి చెప్పులు కొన్నా కొలత అదే.

తిరిగొస్తూ అట్టపెట్టె తెచ్చాడు. నల్లటి తోలు బూట్లు, లోపల మెత్తటి ఉన్ని. ఫ్లోరెన్సు ఉత్త కాళ్లతో తొడుక్కుని ఇంట్లో నాలుగడుగులు వేసింది.

"పోత పోసినట్టున్నయన్నా."

"మరేమనుకున్నవ్? పుల్ల పెట్టి చూసి తెచ్చిన. దుకాణపోడు నవ్విండు. నవ్వనియ్యి."

వదినె లిదియా తలుపు దగ్గర నిలబడి, "నా పెండ్లికి గిట్లనే పుల్ల పట్టుకపొయ్యి తెచ్చిండు. ఫోటోల నా మొహం చూస్తివా? పుట్టిల్లు ఇడిసి పోతున్నందుకు ఏడుస్తున్ననుకున్నరు అందరు. చెప్పులు కరిచినయమ్మా," అంది.

సీసా మీద తేదీ చూడనిదే మందు పొయ్యని మనిషి ఫ్లోరెన్సు. బూట్లను మాత్రం ఎట్లా నమ్ముతుంది? కానీ ఖమ్మంలో మంచు ఎక్కడ దొరుకుతుంది? చేపల పెట్టెలకు ఐసు కొట్టి పంపే ఫ్యాక్టరీకి పోయింది. అక్కడ పనిచేసే ఎబినేజర్ భార్య కానుపు ఆమె చేతి మీదే అయింది.

"సిస్టరమ్మా, దీంట్ల మేం చేపల్నే పెడ్తం," అన్నాడతను.

"ఇయ్యాల నన్ను పెట్టు. జరుగు."

డాక్టరమ్మ చెప్పినట్టు ఉన్ని మేజోళ్లు రెండు జతలు వేసుకుని, బూట్లలోకి కాళ్లు ఎట్లాగో దూర్చింది. పిక్కల లోతు ఐసు పొడిలో నిలబడింది. హమాలీలు పని మానుకుని చుట్టూ చేరారు. కాసేపటికి వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. కదపబోతే కదపడానికి జాగా లేదు. బయటికొచ్చి విప్పి చూస్తే మేజోళ్లు పొడిగానే ఉన్నాయి. వేళ్లు మాత్రం తెల్లగా పాలిపోయి, చర్మం మీద ఉన్ని అల్లిక అచ్చు పడింది.

"నీళ్లు చొరలే గద సిస్టరమ్మా," అన్నాడు ఎబినేజర్.

"నీళ్లు చొరలే. నెత్తురు గూడ చొరలే."

ఐసులో నిలబడటం కన్నా అన్నతో ఆ మాట చెప్పడం కష్టమైంది. ఆంథోని మొహం మాడ్చుకున్నాడు.

"అందరికి చెప్పుకున్న నేను. ఇప్పుడు దుకాణపోని ముంగట తలకాయ యాడ వెట్టుకోవాలె? పుల్ల తప్పంటవా?"

"పుల్ల పొడుగే చెప్తదన్నా. నా కాలు అడ్డంగ పెరిగింది. నువ్వు లారీలనే కూసో, నేను పొయ్యి మార్పిచ్చుకుంట."

ఆ రాత్రే ఆంథోని బూట్లు మళ్లీ అట్టపెట్టెలో సర్దాడు. తెల్లారి లారీ ఇంటి ముందుకు తెచ్చి హారన్ కొట్టాడు.

హైదరాబాదులో దిగాక ఫ్లోరెన్సు నేరుగా దుకాణానికి పోలేదు. నడిచిన కాలు సాయంత్రానికి ఉబ్బుతుందని ఆమెకు తెలుసు. ఆ ఉబ్బిన కాలికే బూటు పట్టాలి. పొద్దంతా వీధులు తిరిగి, పొద్దు వాలాక మేజోళ్లు రెండు జతలూ వేసుకుని లోపలికి అడుగు పెట్టి, వెడల్పాటి జత ఒకటి అందుకుంది.

"అది మగోళ్ల సైజు మేడం," అన్నాడు దుకాణందారు.

"ఆ సంగతి నా కాలికి తెల్వదు."

లోపల వేళ్లు ఆడించి చూసింది. మడమ పైకి జారకూడదు. బూటు తాళ్ల కింది నాలుక రెండు పక్కలా కుట్టి ఉండాలి, లేకుంటే కరిగిన మంచు అక్కడి నుంచే దిగుతుంది. వాలుగా ఒక చెక్క వేయించుకుని దాని మీద కిందికి నడిచింది. బొటనవేలు ముందుకు పోయి తగిలితే ఆ జత పక్కకు పెట్టింది. చెక్క మీద నెగ్గిన జతతో ఉన్నట్టుండి నేల మీద గొంతుక్కూర్చుంది.

"ఏమైంది మేడం? కండ్లు తిరిగినయా?"

"కాదు. కానుపు చేస్తున్న."

చీలమండ దగ్గర వంగని బూటు ఆమెకు అక్కర్లేదు. కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, చివరికి గోధుమరంగు జత ఒకటి పట్టుకుంది. ముక్కు వెడల్పు, అడుగు మందం, అందమన్నది మచ్చుకైనా లేదు.

లారీలో కూర్చోలేక అప్పటికే లోపలికొచ్చిన ఆంథోని వాటిని చూసి, "దున్నపోతు గిట్టల లెక్కున్నయి," అన్నాడు. దుకాణందారు వైపు తిరిగి, "బకీట్ల నీళ్లు పట్టు," అన్నాడు.

"కొత్త మాలు సార్, గట్ల తడిపితే ఎట్ల?"

"మా చెల్లె ఐసుల నిలబడి వచ్చింది. నీ బకీటెంత? తడి చొరకుంటేనే కొంటం. పట్టు."

ఆమె బకీట్లో కాలు పెట్టి నిలబడ్డంతసేపు ఆంథోని పక్కనే గొంతుక్కూర్చుని నీళ్ల వైపు చూస్తున్నాడు. కాలు తీశాక బూటు విప్పి, మేజోడు తానే పిండి చూశాడు. చుక్క రాలేదు. నల్ల జత దుకాణంలోనే వదిలి, కొత్త జత తన చంకలో పెట్టుకున్నాడు.

కొండల్లో మొదటి మంచు పడ్డ రోజు డాక్టరమ్మ ముందు నడిచింది, ఫ్లోరెన్సు వెనక. మంచు మోకాళ్ల దాకా ఉంది. ఊపిరి అందక ఆగిన ప్రతిచోటా ఫ్లోరెన్సు బూటు లోపల వేళ్లు ఆడించి చూసుకుంది. ఆడుతున్నాయి. డాక్టరమ్మ రెండు మూడు సార్లు వెనక్కి తిరిగి చూసింది. తర్వాత వెనక్కి చూడటం మానేసింది.

పైఊరి ఇంటి గుమ్మంలో ఫ్లోరెన్సు బూట్లు విప్పుతుంటే, ఆ ఇంటి ముసలమ్మ వచ్చి ఆమె పాదాలు రెండూ చేతుల్లోకి తీసుకుంది. అవి వెచ్చగా ఉండేసరికి తమ భాషలో ఏదో అని, పొయ్యి దగ్గర కాళ్లు కాచే పని లేదన్నట్టు నేరుగా లోపలి గదిలోకి తీసుకుపోయింది. అక్కడ నెలలు నిండిన పిల్ల గోడకు ఒరిగి కూర్చుంది. ఫ్లోరెన్సు అరచేతులు రుద్దుకుని, గొంతుక్కూర్చుని, ఆమె కడుపు మీద చెయ్యి వేసింది. బిడ్డ తల కిందికే ఉంది.