లేని పగులుకు కట్టిన ధర

పాత సైకిలుకు ధర కట్టడంలో ధర్మవరంలో నన్ను మించినవాడు లేడని ఒకప్పుడు తెగ మిడిసిపడేవాణ్ణి. ఎనభైల మొదట్లో మాట. బస్టాండు పక్కన పాత సైకిళ్ల అంగడి నాది. వేరుశనగ పండిన ఏడు కొనేవాళ్లు వచ్చేవాళ్లు, ఎండిన ఏడు అమ్మేవాళ్లు వచ్చేవాళ్లు. మా వైపు ఎండిన ఏళ్లే ఎక్కువ కాబట్టి సరుకుకు ఏనాడూ కొదవలేదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను ముందు చూసేది సైకిలును కాదు, తెచ్చినవాడి ముఖాన్ని. ఎంత అవసరంలో ఉన్నాడో అంచనా వేసుకున్నాకే చక్రం తిప్పేవాణ్ణి. తర్వాత హ్యాండిలు కింద గొట్టాలు కలిసేచోట గోటితో గీకి, "పగులుండాదప్పా" అనేవాణ్ణి. పెయింటు లేచిన ఏ పాత బండికైనా అక్కడ వెంట్రుకంత గీత ఉంటుంది. అది పగులు కాదని నాకూ తెలుసు, అమ్మేవాడికీ తెలుసు. "పగులు నీ కండ్లల్లో ఉండాది పో" అని తిట్టేవాడు. నేను పది రూపాయలు పెంచేవాణ్ణి. బేరమంటే అదే.

ఒక ఏడు వాన బాగా ఆలస్యంగా పడింది. మర్నాడే బత్తలపల్లె వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. నా ఈడువాడే. సైకిలును తళతళలాడేట్టు తుడిచి తెచ్చాడు.

"పదును ఆరిపోకముందే ఇత్తనం పడాల అన్నా. రెండు మూటల శెనక్కాయలకు దుడ్లు కావాల" అన్నాడు.

అమ్మడానికి వచ్చినవాడు అవసరాన్ని అలా బయటపెట్టకూడదు. బేరం తెలియనివాడు దొరికాడని నాకు లోలోపల సంతోషమైంది. గోటితో గీకి పగులు చూపించాను.

అతను తిట్టలేదు. వంగి చూశాడు, వేలితో తడిమాడు. "ఇరుగుతాదా అన్నా?"

"ఈ పొద్దో రేపో. ముక్కల కింద లెక్క కట్టాల్సిందే" అని సగం ధర చెప్పాను.

"నువ్వు దీన్ని ఇంగొకనికి అమ్ముతావు గదా? వాడు కింద పడితే? వద్దులే" అని సైకిలు వెనక్కి తిప్పాడు.

అదీ బేరంలో భాగమే అనుకున్నాను. నాలుగడుగులు వేసి తిరిగొస్తాడని చూశాను. రాలేదు. సైకిలు ఎక్కనూ లేదు, నడిపించుకుంటూ పోయాడు. "పగులు లేదు, ఎక్కి పోప్పా" అని కేకేయడానికి ఎంతసేపు? కానీ అంగట్లో ఇంకో ఇద్దరు సైకిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లకూ నేను అదే పగులు చూపించాలి. ఎండలో ఆ మనిషి ఊరిదాకా నడుస్తాడని తెలిసీ, టీ తెప్పించుకుని తాగాను.

మూడోరోజు బస్సు దిగి వచ్చాడు. చక్రాలు, సీటు, చైను, క్యారియరు అన్నీ విప్పి తెచ్చి నా ముందు పెట్టాడు. ఫ్రేము రెండు ముక్కలుగా ఉంది.

"నేనే కోసేస్తి అన్నా. అట్లే ఉంటే ఎవురో ఒకరు ఎక్కుతారు. పాపను ముందర కడ్డీ మింద కూర్చోబెట్టుకోని బడికి పోతాంటి. నువ్వు చెప్పకుంటే ఏమయ్యేదో! ముక్కలకే కట్టియ్యి. ఒక మూట వచ్చినా సగం చేనన్నా ఇత్తుకుంటా."

ముక్క చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా నేను చూపించినచోటే కోశాడు. ఇనుము చుట్టూ ఒకే తీరుగా మెరుస్తోంది, పాత పగులుంటే కనబడాల్సిన తుప్పు ఎక్కడా లేదు. తల కొట్టేసినట్టయింది నాకు. అతనూ ఆ కోత చూసే ఉంటాడు, అయినా నా మాటే నమ్మాడు.

మంచి సైకిలుకు ఇచ్చే పూర్తి ధర తీసి అతని చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకున్నాడు. సగం నోట్లు తిరిగి నా చేతికే ఇచ్చేశాడు.

"ముక్కలకు ఇంత యాడుంటాదన్నా? పొరపాటున ఎక్కువ ఇచ్చినావు. చూసుకోవాల గదా" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ నోట్లు తీసుకుని పెట్టెలో వేసుకున్నాను.