మూడు పాళ్లు పాలు, ఒక పాలు నీళ్లు

ఈ ఉదయం ఫోన్‌లో మాట్లాడుతూ పొయ్యి సంగతి మరిచిపోయాను. పాలు పొంగి, గిన్నె అంచు దాటి మంట మీద పడ్డాయి. తిరుపతిలోని మా చిన్న వంటిల్లంతా మాడిన పాల వాసన. కిటికీ తెరిచినా పోలేదు. ఆ వాసనకు చాలామందికి వాళ్ల అమ్మ గుర్తొస్తుందేమో. నాకు మాత్రం ఏడో తరగతి లెక్కల పీరియడ్ గుర్తొస్తుంది, ఎస్తేరు టీచర్ గుర్తొస్తారు.

ఆమె రోజూ చిత్తూరు నుంచి బస్సులో మా పూతలపట్టు బడికి వచ్చేవారు. బాగా పొట్టి మనిషి. బోర్డు పై సగం చేతికి అందేది కాదు. అందుకని తెలుగు మాస్టారు రాసిన సంధి సూత్రం పైన వారమంతా చెక్కుచెదరకుండా ఉండేది. మా లెక్కలన్నీ దాని కిందే సాగేవి.

ఆ రోజు పాఠం పేరు నిష్పత్తి. చదవమంటే మాలో సగం మందికి నోరు తిరగలేదు. టీచర్ పుస్తకం మూసేసి, బోర్డు మీద ‘పాలు’ అని రాశారు.

"ఇదేంది?"

"పాలు టీచర్!"

"ఏం పాలు?"

"ఎనుము పాలు!" అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. బర్రెను మా వైపు ఎనుము అంటారు.

"ఆ పాలూ ఉండాయి, వాటాకు చెప్పే పాలూ ఉండాది. అన్నదమ్ములు చేను పంచుకునేటప్పుడు నీకు రెండు పాళ్లు, నాకు ఒక పాలు అనుకుంటారు గదా? పుస్తకంలో దానికే నిష్పత్తి అని పేరు పెట్టినారు. దీనికి భయపడేదేముంది?"

తర్వాత లెక్క చెప్పారు. "మూడు గ్లాసుల పాలకు ఒక గ్లాసు నీళ్లు పోసి టీ పెట్టినాము. ఇంతలో సుట్టాలు వచ్చినారు. ఇంకో గ్లాసు పాలు పోస్తిమి, ఇంకో గ్లాసు నీళ్లూ పోస్తిమి. రుచి అదేనా, మారిందా?"

"అదే టీచర్! రెండింటికీ ఒకటే గదా పెంచింది!" అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

రెండో వరుసలోంచి మునిరత్నం లేచాడు. "జయ చెప్తే రైటే టీచర్. నీళ్ల లెక్క వాళ్ల నాయనకు తెలిసినట్టు ఎవురికీ తెలీదు."

మా నాయన పాలు పోసేవాడు. క్యాన్లు సైకిలుకు కట్టుకుని క్రాస్‌రోడ్డులోని టీ అంగళ్లకు, కొన్ని ఇళ్లకు తిరిగేవాడు. ఆ ఇళ్లలో మునిరత్నం వాళ్లదీ ఒకటి. తరగతి గొల్లుమంది. టీచర్ పెదవి బిగబట్టబోయి, ఆపుకోలేక ఆమె కూడా నవ్వేశారు. అది ఒక్క క్షణమే. కానీ నేను చూశాను.

మరునాడు కడుపు నొప్పన్నాను. ఆ మరునాడు తలనొప్పి. మూడోనాడు ఇక బడికి పోను, ఎనుముల్ని మేపుకుంటానని చెప్పేశాను. నాయన ఎన్నిసార్లు అడిగినా కారణం చెప్పలేదు. ఆ ఏడాది మా వీధిలో అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. మూడోదాన్ని నేనే అయ్యేదాన్ని.

నాలుగోనాడు సాయంత్రం టీచర్ చిత్తూరు బస్సు వదులుకుని మా ఇంటికి వచ్చారు. నాయన పాలు పిండుతున్నాడు. ఆమె కొట్టం గుంజ పట్టుకుని నిలబడే, జరిగింది జరిగినట్టు చెప్పారు. తాను నవ్విన సంగతి కూడా దాచలేదు.

నాయన చేయి ఆగిపోయింది. తల ఎత్తకుండానే అన్నాడు. "పిల్లోడు చెప్పిందాంట్లో అబద్ధమేముందిలే టీచరమ్మా. పోయిన ఎండాకాలం సిన్న ఎనుము పాలు తగ్గించినప్పుడు చెంబెడు పోసినాను. ఇప్పుడు పొయ్యడం లేదు."

పక్కనే గడ్డి వేస్తున్న నేను ఇంకోవైపు తిరిగాను. టీచర్ ముఖంలో ఏ మార్పూ లేదు.

"నీ చెంబు కొలిచేకి రాలేదప్పా. నా తప్పు చెప్పుకునేకి వచ్చినాను."

"చెప్తివి గదమ్మా. అయిపాయ."

"యాడ అయిపాయ? నలబై మంది ముందర నవ్వినాను. ఈడ ఇద్దరి ముందర చెప్పుకుంటే సరిపోతాదా? రేపు పాపను పంపించు."

పొద్దున బడికి వెళ్లానే గాని, నా బెంచీ దాకా నడవడం కష్టమైంది. హాజరు తీసుకోకముందే టీచర్ మొదలుపెట్టారు. "మొన్న నేను జయను సూసి నవ్వినాను. పాలూ నీళ్లూ అని లెక్క తెచ్చిందీ నేనే. ఆ ఇంటి పిల్ల నా ఎదురుగా కూర్చోనుందని ఆలోచన చెయ్యలేదు. తప్పు నాది." అంతే చెప్పారు. మా నాయన ఎప్పుడూ నీళ్లు కలపలేదని నన్ను ఓదార్చడానికైనా అనలేదు. అది నిజం కాదని ఆమెకూ నాకూ తెలుసు. మునిరత్నాన్ని తిట్టలేదు కూడా. వాడే తల దించుకున్నాడు.

"జయా, లెక్క మార్చమంటావా?"

"వద్దు టీచర్. అదే ఉండనీండి."

"అయితే విను. నువ్వు చెప్పిందీ తప్పే." తరగతి నవ్వింది. ఈసారి నేనూ నవ్వాను. "నీ లెక్క ప్రకారమే రెండింటికీ వందేసి గ్లాసులు పెంచు. నూటమూడు పాలు, నూటొక్క నీళ్లు. ఆ టీ తాగుతావా?"

"థూ! సగానికి సగం నీళ్లే!"

"మరి ఎట్ల పెంచాల?"

చాలాసేపు బోర్డు వైపే చూశాను. ఎవరూ జవాబు అందివ్వలేదు, ఆమె అందివ్వనివ్వలేదు. "అన్నేసి గ్లాసులు కాదు టీచర్, అన్నేసి రెట్లు పెంచాల. పాలు ఆరయితే నీళ్లు రెండు."

"దానికి పుస్తకంలో పేరు అనుపాతం" అంటూ సుద్దముక్క నా చేతికిచ్చారు.

నేను లెక్కల్లో గొప్పదాన్నేమీ కాలేదు. పత్రికలో చేరి ఇరవై రెండేళ్లయింది. టీచర్ పోయి రెండేళ్లు. పెద్ద తప్పు చేసి చిన్న గొంతుతో దిద్దుకోవడం కూడా తప్పు లెక్కేనని ఆమె నాకు ఎప్పుడూ మాటల్లో చెప్పలేదు. కానీ వార్తలు దిద్దే డెస్కులో కూర్చున్న ప్రతి రోజూ నాకు పనికొచ్చిన గణితం అదొక్కటే.

కొన్నేళ్ల కిందట రేణిగుంట దగ్గర ఒక గోదాములో దొంగతనం జరిగింది. ఆ వార్త దిద్దింది నేనే. పట్టుబడినవాడి పేరు ఉండాల్సిన చోట అక్కడి కాపలాదారు పేరు పడింది. జిల్లా పేజీలో, పైన, మూడు కాలాల వార్త. "లోపలెక్కడో రెండు లైన్ల సవరణ వేద్దాం మేడం, అందరూ చేసేదే" అన్నాడు మా ఇన్‌ఛార్జి. గంటసేపు వాదించాను. చివరికి అదే పేజీలో, అదే చోట, మూడు కాలాల్లోనే సవరణ వచ్చింది. కాపలాదారు నిర్దోషి అన్న మాట శీర్షికలోనే పెట్టాం.

ఆ మధ్యాహ్నం ఆయన ఆఫీసుకు వచ్చాడు. నన్ను తిడతాడనుకుని లేచి నిలబడ్డాను.

"ఇంకా పేపర్లుంటే ఇయ్యమ్మా. మా ఈదిలో మూడు టీ అంగళ్లుండాయి, మూడింటికీ మీ పేపరే వస్తాది. ఆ దినం మూడింట్లోనూ నా పేరు సదివినారు. నాకు మూడు కావాల."

మూడు తీసి, ఆ పేజీ పైకి కనిపించేలా మడిచి, ఆయన చేతిలో పెట్టాను.