సూర్యకాంతం గారూ రెండో శాలువా

అమలాపురం సూర్యకాంతం గారికి అరవై రెండేళ్ళు. అందులో నలభై ఏళ్ళు ఆవిడ వయొలిన్ వాయించింది ఎవరో ఒక గాయకుడి పక్కన కూర్చునే. పాట బావుంటే చప్పట్లు ఆయనకి, ఎక్కడైనా తాళం తప్పితే ఓరచూపు ఈవిడకి. తండ్రి శ్రీరామచంద్రమూర్తి గారు వేదపండితులు. పక్కవాద్యానికైతే పంపేవారు గానీ సొంత కచేరీ అంటే "మనకెందుకమ్మా" అనేవారు. ఆ మాట ఆవిడలో ఇంకా సెగలు కక్కుతూనే ఉంది.

యాభై దాటేక ఆవిడకి ఇంగ్లీషు సంగీతం పట్టుకుంది. ఓడెక్కి వచ్చినదంతా మనకి ఇంగ్లీషే లెండి, జర్మనీవాడు రాసినా ఇటలీవాడు రాసినా. వయొలిన్ మాత్రం? అదీ అలా వచ్చిందే. నేలమీద కూర్చోబెట్టి, పాదానికి ఆన్చి, మనదాన్ని చేసుకున్నాం. అంత తెలివైనవాళ్ళం దాన్ని పక్కన కూర్చోబెట్టడం మాత్రం మానలేదు!

సరే. ఫోన్లో పాఠాలు చూసి, నిలబడి గడ్డం కింద పెట్టుకు వాయించడం నేర్చేరు. శిష్యురాలు కుసుమకీ నేర్పేరు. కుసుమ వాళ్ళది రాజోలు అవతల, చేపల వేటకెళ్ళే ఇల్లు. ఇద్దరూ మూడు భాగాల రచన ఒకటి ఎంచుకున్నారు. ఒక వయొలిన్ పలికిన మాటని రెండోది అందుకుంటుంది, ఒక్కోసారి రెండోదే ముందు మొదలెడుతుంది. సొంతూరి సభలో ఒక్కసారైనా ఇద్దరూ సమానంగా వినబడాలి. ఆవిడ కోరిక అంతే.

సభ కార్యదర్శి వెంకటరాజు గారు బ్యానరు కట్టించేరు. "వయొలిన్: శ్రీమతి సూర్యకాంతం. పక్కవాద్యం: కుసుమ."

"రాజుగారూ, ఇద్దరం సమానమని చెప్పేనా లేదా?"

"ఆయ్, చెప్పేరండీ. కానీ రెండు వయొలిన్లన్నాక ఒకటి పక్కదే కదండీ. మన పద్ధతండీ."

మైకు దొరబాబుకీ అదే పద్ధతి తెలుసు. పక్కవాద్యం కదా అని కుసుమ మైకు తగ్గించేడు. వినేవాళ్ళకి ఆ రచన ఒకవైపే వినబడే ఫోను సంభాషణలా తయారైంది. మొదటి భాగం అయింది. ఇద్దరూ ఊపిరి తీసుకునేలోపే రాజుగారు అయిపోయిందనుకుని, ముఖ్య అతిథినీ ఒకే ఒక్క శాలువానీ వెంటేసుకుని వేదికెక్కేరు.

"ఇంకా రెండు భాగాలున్నాయండీ!"

"పర్లేదండీ, అతిథిగారికి వేరే సభుంది. కప్పించేసుకోండి."

"మరి ఈ పిల్లకో?"

"ఆవిడకి తాంబూలం ఇస్తామండీ."

"పోనీలెండి టీచర్‌గారూ," అంది కుసుమ మెల్లిగా.

"ఏం పోనివ్వాలే? నలభై ఏళ్ళు పోనిచ్చేను, చాల్లేదూ? నీ స్వరాల కాయితాలు ఇలా ఇవ్వు. నువ్వు మొదటిది వాయించు, రెండోది నేను వాయిస్తాను." రెండు మైకులూ పక్కకి నెట్టేసేరు.

అతిథి మొహం చిట్లించుకుని వెళ్ళిపోయేడు. సగంమంది టీకి లేచేరు. మిగిలినవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కున్నారు. మైకుల్లేకుండా, రెండు వయొలిన్లూ ఒకదాని మాట ఒకటి కోసుకుంటూ, దెబ్బలాడుకుంటున్నట్టే చివరిదాకా వెళ్ళేయి. సూర్యకాంతం గారి వయొలిన్ కమాను వెంట్రుకలు రెండు తెగి వేలాడుతున్నాయి.

రాజుగారు మళ్ళీ వచ్చేరు. ఈసారి శాలువా తిన్నగా కుసుమ దగ్గరికి పట్టుకొచ్చేరు. "ఇప్పుడు ఈవిడ మెయిన్ అయ్యేరు కదండీ?" ఆ మనిషిలో వెటకారం లేదు, నిజంగానే అడిగేడు. ఒళ్ళు మండేది అక్కడే.

సూర్యకాంతం గారు నోరు తెరిచేలోపు కుసుమ అందుకుంది. "ఒక్కటైతే ఎవరికీ వద్దండీ. రెండోది తెప్పించండి, ఆగుతాం."

"ఇప్పటికిప్పుడెక్కడ దొరుకుతుందండీ?"

"బజార్లో కొట్లు తీసే ఉన్నాయి," అని సూర్యకాంతం గారు వేదిక అంచున చతికిలబడ్డారు. పక్కనే కుసుమా కూర్చుంది.

రాజుగారు స్కూటరు తాళాలు వెతుక్కున్నారు.