గాలిమర కొక్కెం

ఎనభైల్లో ఒక మనిషిని ఒక్క అబద్ధంతో అతని ఊరి నుంచి వెళ్లగొట్టాను. ఆ పని చేసింది నేనని ఎవరికీ తెలియదు. అతనికీ తెలియదు. ఇన్నేళ్లుగా గుండెల మీద కూర్చున్న బరువు అదే. నా పేరు రాయను, ఆ ఊరి పేరూ రాయను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకొద్దు. వినండి చాలు. జాలి మాత్రం పడకండి, నాకు ఒళ్లు మండుతుంది.

అప్పుడు నేను నరసరావుపేటలో గాలిమరల ఫిట్టరుని. పల్లెల్లో బోర్ల మీద గాలిమరలు పెట్టిన కాలం అది. గాలికి రెక్కలు తిరిగితే కింద పంపు ఆడి నీళ్లొస్తాయి, కరెంటుతో పనిలేదు. నెలనెలా బస్సెక్కి వెళ్లి ఆ ఇనప టవర్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడ్డం నా పని. ప్రతి నట్టు మీదుగా తెల్లరంగుతో గీత గీసేవాణ్ని. మళ్లీ వెళ్లేసరికి గీత తప్పిందంటే నట్టు కదిలినట్టే. అతుకుల్ని సుత్తితో కొట్టి చెవి పెట్టేవాణ్ని. బాగుంటే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. పని బాగానే వచ్చు నాకు. గొప్ప కోసం చెప్పట్లేదు. తెలియక చేశాననే సాకు నాకు లేదని చెప్తున్నాను.

రాజుపాలెం దాటాక ఒక ఊళ్లో గాలిమరని చూసుకునేది మస్తాన్. సైకిళ్లు బాగుచేసుకు బతికేవాడు, పంచాయతీ వాళ్లు ఈ పనీ అప్పజెప్పారు. గాలి ముదిరితే పైనుంచి వేలాడే గొలుసు కిందికి లాగి, దాని కొసనున్న కొక్కేన్ని టవరు కాలికి ఉన్న రింగులో తగిలించాలి. అప్పుడు పైన రెక్కల వెనకున్న తోకరేకు మడుచుకుని, రెక్కలు గాలికి పక్కకి తిరిగి ఆగిపోతాయి. దాన్నే గాలిమర మూయడం అనేవాళ్లం. మస్తాన్ నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. వాళ్లింట్లో అన్నం తినకుండా నన్ను ఏనాడూ బస్సెక్కనివ్వలేదు.

టవరు కాళ్ల మధ్య ఏటవాలుగా ఇనప యాంగిళ్లు ఉంటాయి. గాలి తోసినప్పుడు టవరు ఒరగకుండా పట్టి ఉంచేవి అవే. ఆ ఊళ్లో కుళాయి సరిగ్గా టవరు కాళ్ల మధ్యకి వచ్చింది. నీళ్లు పట్టుకుని బయటికొచ్చే ఆడవాళ్లకి ఒక యాంగిలు అడ్డం తగిలేది.

“ఏంది నాయనా, ఈ ఇనప ముక్క మా నెత్తికి అడ్డం పెట్టావు? నిండు బిందెతో వంగమంటావా? మీ ఆవిణ్ణి తీసుకొచ్చి వంగమను, చూద్దాం!” అని ఒకావిడ దులిపేసింది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వి, స్పానరు తీసి ఆ యాంగిలు విప్పేశాను. వచ్చే నెల ఇంకోటి కొంచెం పైకి వేస్తాలే అన్నాను. మస్తాన్ ఒక్కడే, ఏం కాదుగా అన్నా, అని అడిగాడు. నాదీ పూచీ అన్నాను. ఆ రోజు ఏ గుమ్మం ముందు నుంచి వెళ్లినా నాకు మజ్జిగే. వచ్చే నెల వచ్చింది, ఆ తర్వాత నెలా వచ్చింది. యాంగిలు వేయలేదు. ఎందుకు వేయలేదు? బద్ధకం. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని చానా వెతికాను. లేదు.

ఎండాకాలం చివర ఒక సాయంత్రం గాలివాన లేచింది. టవరు కూలింది. అదృష్టం, మనుషులకేం కాలేదు. తెల్లారి మొదటి బస్సుకే మస్తాన్ నరసరావుపేట వచ్చి నా ముందు నిలబడ్డాడు. గాలి లేవగానే మూసేశానన్నా, అయినా పడిపోయింది, అన్నాడు. ఇంజనీరుగారు జీపులో వస్తారు, నువ్వు రాజుపాలెంలో దిగి ఆయనకి దారి చూపించు అని చెప్పి, నేను ముందుగా ఊళ్లోకి వెళ్లాను.

చూడగానే అర్థమైంది. యాంగిలు లేని వైపు కాలే మడతపడింది. ఇవతల వైపు మొండిగా మిగిలిన కాలికి కొక్కెం తగిలించే ఉంది. మస్తాన్ తన పని తను చేశాడు. మూసిన గాలిమర పడిందంటే తప్పు టవరుది. అంటే నాది. నా ఉద్యోగం పర్మనెంటు కావాల్సిన ఏడు అది. పక్కకి జరగండి, ఇంకా ఇనుము జారుతుంది అని జనాన్ని గదిమాను. పాపం, జరిగారు. కొక్కెం తీసి గొలుసు నేల మీదికి వదిలేశాను. నేను అప్పుడు విప్పి పక్కన గోడకి ఆనించిన యాంగిలు తెచ్చి కూలిన ఇనుములో పడేశాను. నేను విరిగిన అతుకులు చూస్తున్నాననుకున్నారు.

జీపు దిగి ఇంజనీరు మస్తాన్‌ని అడిగాడు. “గాలి లేచినప్పుడు మూశావా?”

“మూశాను సార్. ఫిట్టరన్న ముందే వచ్చి చూశాడుగా, అడగండి. చెప్పన్నా.”

“నేను వచ్చేసరికి కొక్కెం వదిలేసే ఉంది సార్,” అన్నాను.

మస్తాన్ నా వంక చూశాడు. యాంగిలు సంగతి అతనికి తెలుసు. ఆ ఒక్క మాట అని ఉంటే అక్కడికక్కడే దొరికిపోయేవాణ్ని. అనలేదు. నన్ను ఇరికించడం ఇష్టం లేకనా? నేనేదో పొరపాటున చూశాననుకున్నాడా? ఈ ప్రశ్న వేసుకోవడం నాకు అలవాటైపోయింది. యాంగిలు లేదని ఆడవాళ్లకీ తెలుసు. వాళ్లనెవరు అడిగారు?

ఆ ఎండల్లో ఊరంతా నీళ్లకి వాగు దాకా నడిచింది. బిందె ఎత్తిన ప్రతి మనిషీ మస్తాన్‌ని తిట్టింది. గొలుసు లాగను చేతగానోడు సైకిలేం బాగుచేస్తాడని కొట్టుకి రావడం మానేశారు. వాగు దగ్గర అతని భార్యని వెనక్కి నెట్టేవాళ్లట. చివరికి కొట్టు ఎత్తేసి దాచేపల్లి వెళ్లిపోయారు, సిమెంటు ఫ్యాక్టరీలో కూలి పనికి. నా ఉద్యోగం పర్మనెంటయింది. ఇంట్లో పాయసం చేశారు. తిన్నాను కూడా.

కొన్నేళ్లకి దాచేపల్లి బస్టాండులో కనిపించాడు. తప్పుకుందామనుకున్నాను. అతనే చూసి అన్నా అంటూ గబగబా వచ్చాడు. టీ తాగించాడు, పిల్లల్ని అడిగాడు. గ్లాసు కింద పెడుతూ అన్నాడు: “అప్పుడు నీ మీద చానా కోపమొచ్చింది అన్నా. తర్వాత ఆలోచించుకున్నా. రోజూ చేసే పనేగా, ఆ పూట కొక్కెం వేశాననుకుని వెయ్యలేదేమో. నువ్వెందుకు అబద్ధం చెప్తావు? నా మూలాన ఊరు నీళ్లకి ఏడ్చింది.”

అప్పుడైనా చెప్పొచ్చుగా? బస్సొచ్చింది, ఎక్కేశాను. అతని ఊరు పోగొట్టాను, కొట్టు పోగొట్టాను, సరే. తన చేత్తో తను చేసిన పనిని తనే నమ్మకుండా చేశానే, దాన్నేమంటారు?

ఇప్పుడతను ఉన్నాడో లేడో తెలియదు. కనుక్కోవాలంటే దాచేపల్లి ఎంత దూరం గనక? వెళ్లలేదు. వెళ్తానని మీకు మాటివ్వను, నా పూచీ ఎలాంటిదో చూశారుగా. క్షమించమనీ అడగను. రాశాను, కాస్త ఊపిరాడుతోంది, అంతే.

మస్తానూ, ఆ సాయంత్రం నువ్వు కొక్కెం వేశావు. ఎంత గట్టిగా వేశావంటే, తీయడానికి నాకు రెండు చేతులూ కావాల్సొచ్చాయి.