నవ్వినందుకు ఒకటి, నవ్వనందుకు రెండు

మా బాబాయికి ఒకే ఒక్క జబ్బు ఉంది. మనిషి కనబడితే చాలు, జరిమానా వేస్తాడు. కొందరికి వేళ్లు విరుచుకోవడం అలవాటు, కొందరికి మీసం దువ్వుకోవడం అలవాటు. ఆయనకు ఎదుటివాడిలో ఏదో ఒక తప్పు పట్టుకుని నాణెం రాబట్టడం అలవాటు. ఏ తప్పూ దొరక్కపోతే, దొరక్కుండా వచ్చినందుకు జరిమానా వేస్తాడు.

ఈ అధికారం ఆయనకు ఎవరిచ్చారని మీరు అడగవచ్చు. చేతులారా మేమే ఇచ్చాం. మాదొక చిన్న సేవా సంఘం. వారానికోసారి గ్రంథాలయం మేడమీది హాల్లో కూడి టీ తాగుతాం. కాలు విరిగినవాళ్లకు చక్రాల కుర్చీ అరువిస్తాం, చూపు మందగించిన పెద్దవాళ్లకు కళ్లజోళ్లు చేయించి పెడతాం. ఇలాంటి సంఘాల్లో ఒక సరదా ఆచారం ఉంటుంది. సమావేశం చివర ఒక సభ్యుడు లేచి, మిగతావాళ్ల మీద ఉత్తుత్తి నేరాలు మోపి, చిల్లర వసూలు చేసి రేకు డబ్బాలో వేస్తాడు. ఆ చిల్లర సేవకు పోతుంది, సభ్యులు నవ్వుకుంటూ ఇళ్లకు పోతారు. మహా అయితే ఐదు నిమిషాల తంతు. బాబాయి రిటైరై సంఘంలో చేరిన కొత్తల్లో, ఊసుపోక ఇబ్బంది పడుతున్నాడు పాపం అని, కార్యదర్శిగా ఉన్న నేనే ఆ పని ఆయనకు అప్పజెప్పాను. అప్పట్నుంచి మాకు ఊసుపోకపోవడమంటే ఏమిటో తెలియదు.

ఆయన చేసిన ఉద్యోగం రైళ్లలో టికెట్లు తనిఖీ చేయడం. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎవరికీ జరిమానా వేసిన పాపాన పోలేదని పిన్ని చెబుతుంది. "టికెట్ లేనివాడు కష్టం చెప్పుకోవడం మొదలెడితే చాలు, ఈయనే కొనిచ్చేవాడు. జీతం సగం దారిలోనే దిగిపోయేది" అంటుంది. అలా వేయకుండా మిగుల్చుకున్న జరిమానాలన్నీ వడ్డీతో సహా మా నెత్తిన పడ్డాయని నా అభిప్రాయం.

ఐదు నిమిషాల తంతు అరగంట అయింది. బాబాయి లేచి, కళ్లజోడు సవరించుకుని, హాలంతా ఒకసారి కలియజూశాడంటే మేం బడిపిల్లల్లా సర్దుకుని కూర్చునేవాళ్లం. సర్దుకోవడం కూడా ఆయన లెక్కలో నేరమే.

"పళ్ల డాక్టరు గారు నవ్వారు. ఒక నాణెం."

"నవ్వితే తప్పేంటండీ?"

"సభలో సొంత వ్యాపారానికి ప్రకటన."

డాక్టరు గారు నోరు మూసుకున్నారు.

"ఇప్పుడు నవ్వడం లేదు. రెండు."

"ఇదేం అన్యాయమండీ?"

"సరుకు దాచిపెట్టినందుకు. నవ్వినందుకు ఒకటి, నవ్వనందుకు రెండు. ఈ రేటు అందరికీ వర్తిస్తుంది."

మా అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. ఉపన్యాసాలంటే చెవి కోసుకుంటాడు, ముఖ్యంగా తనవి. ఒకసారి అరగంట మాట్లాడి, చెమట తుడుచుకుని కూర్చున్నాడో లేదో బాబాయి లేచాడు. "అధ్యక్షుల వారు 'నిస్వార్థంగా' అనే మాట అన్నప్పుడల్లా ఫొటో తీసేవాళ్ల వైపు తిరుగుతున్నారు. ఒక నాణెం." గుండె జబ్బుల గురించి చెప్పడానికి వచ్చిన పెద్ద డాక్టరుకూ తప్పలేదు. మమ్మల్నందరినీ ఉప్పు మానెయ్యమని హెచ్చరించి, కిందికి దిగే ముందు ఉప్పు బిస్కెట్ల పళ్లెం ఖాళీ చేశాడట. ఆయన మళ్లీ మా ఛాయలకు రాలేదు. నేను కొత్త చొక్కా వేసుకుంటే ఆడంబరం కింద ఒకటి పడింది. తరువాతి వారం తెలివిగా పాత చొక్కా వేసుకెళ్తే, తప్పించుకోజూసినందుకు ఒకటి పడింది.

హాలు దాటినా ఆయన జబ్బు దాటలేదు. బాబాయికి కడుపు ఆపరేషన్ జరిగినప్పుడు, మత్తు దిగుతుండగా ఆయన అన్న మొదటిమాట "కుట్లు వేస్తూ కూనిరాగం తీసిందెవరు?" అని. సర్జను గారు నవ్వుతూ జేబులోంచి నాణెం తీసి మందుల బల్ల మీద పెట్టారు. పిన్ని దగ్గర మాత్రం ఆయన ఆటలు సాగవు. కూరలో ఉప్పు తగ్గిందని ఒక నాణెం అడిగితే, వంట చేయకుండా వంట గురించి మాట్లాడినందుకు ఆవిడ రెండు అడుగుతుంది. ఆయన మారుమాట్లాడకుండా కట్టేస్తాడు. ఆ నాణేలు కూడా మా డబ్బాలోకే వచ్చేవి.

చిత్రమేమిటంటే, సంఘానికి అన్నిటికన్నా పెద్ద రాబడి ఆ డబ్బానే. విరాళాలు చెప్పినంత రావు, చందాలు హాలు అద్దెకూ టీకీ సరిపోతాయి. కళ్లజోళ్లన్నీ జరిమానాల మీదే నడిచేవి. మా కోశాధికారి మనుషుల కన్నా అంకెలతో ఎక్కువ చనువున్న మనిషి. సాలీనా నివేదిక చదివి, "దీన్నిబట్టి చూస్తే, మనం మంచివాళ్లమైపోతే ఊళ్లో ముసలివాళ్లకి చూపుండదు" అని చాలా గంభీరంగా ముగించాడు.

అంతా సరదాగానే ఉండేది కానీ, ఒక్క విషయం దగ్గర మాకు మనసు చివుక్కుమనేది. మా సంఘంలో ఫొటో స్టూడియో నడిపే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయన చివరి వరుసలో గోడవారగా కూర్చోవడం, టీ తాగడం, వెళ్లిపోవడం. నోరు విప్పేవాడు కాదు. మేమంతా ఆయన్ని నొప్పించకుండా ఎంతో జాగ్రత్తగా ఉండేవాళ్లం. బాబాయి మాత్రం వారం తప్పకుండా చివరి వరుస దాకా నడిచి వెళ్లి ఆయన ముందు డబ్బా పట్టేవాడు. "నవ్వలేదు. రెండు." ఆయన మాట్లాడకుండా రెండు నాణేలు వేసేవాడు. మేం తలలు దించుకునేవాళ్లం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "బాబాయ్, ఆయన్నైనా వదిలెయ్యకూడదూ?"

"ఎలా వదులుతానురా? మీ అందరికీ వేసి ఆయనకి వెయ్యకపోతే పక్షపాతం కాదూ?"

ఈయనకు మనసు లేదని ఆ రోజు తీర్మానించుకున్నాను.

చివరికి అధ్యక్షుడు తిరగబడ్డాడు. "మాట్లాడితే జరిమానా, మాట్లాడకపోతే జరిమానా. సరే, మనం పడతాం. భార్య పోయిన మనిషిని నవ్వలేదని పీడించడం ఏం సేవండీ? ఏడాది మొదట్లో అందరం తలా ఇంత కట్టేద్దాం. కళ్లజోళ్లు ఆగవు. ఈ జరిమానాల గోల ఎత్తేద్దాం" అన్నాడు. కోశాధికారి గబగబా లెక్క వేసి, డబ్బు ఇంకాస్త ఎక్కువే వస్తుందని తేల్చాడు. తరువాతి సమావేశంలో ఓటింగు పెట్టాలని నిర్ణయమైంది. బాబాయి డబ్బా మూత పెట్టి, కుర్చీ కింద నెట్టి వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పిన్ని నా మందుల షాపుకొచ్చింది. ఎవరికి ఏం మందు అంటే చెప్పదు.

"కూరలో ఉప్పు వెయ్యలేదురా ఈ పూట" అంది.

"మర్చిపోయావా?"

"కావాలనే మానేశాను. కిక్కురుమనకుండా నాలుగు మెతుకులు తిని లేచాడు. నాకు భయంగా ఉంది."

ఆ మాట వినేసరికి నాకూ భయమేసింది. షాపు మూసేసి వెళ్లాను. బాబాయి వీధివైపు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మా సంఘంలోని దర్జీ సైకిలు మీద గంట కొట్టకుండా మలుపు తిరిగినా పట్టించుకోలేదు.

"బాబాయ్, డబ్బు ఎలాగూ వస్తుంది కదా. నీకెందుకంత బెంగ?"

"డబ్బు వస్తుందిరా. మనిషి రాడు."

"జరిమానాలు తీసేస్తే ఇంకా ఎక్కువమంది వస్తారు."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. అంత తెలివితక్కువ మాటకు ఒక్క నాణెం కూడా అడగలేదు. ఆయన పరిస్థితి నిజంగానే బాగాలేదని అప్పుడు అర్థమైంది.

ఓటింగు రోజు హాలు నిండిపోయింది. చందా కట్టమంటే దొరకని సభ్యులు కూడా వచ్చారు. అధ్యక్షుడు నిస్వార్థంగా చాలాసేపు మాట్లాడాడు. కోశాధికారి అంకెలు చదివాడు. బాబాయి ముందు వరుసలో చేతులు ఒళ్లో పెట్టుకుని, పెళ్లిచూపులకొచ్చినవాడిలా కూర్చున్నాడు.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అధ్యక్షుడు లాంఛనంగా అడిగాడు.

చివరి వరుసలో కుర్చీ కిర్రుమంది. ఫొటో స్టూడియో ఆయన లేచి నిలబడ్డాడు.

"చెప్పండి, మొహమాటపడకండి" అన్నాడు అధ్యక్షుడు ఎంతో దయగా. "ఈయన మిమ్మల్ని చాలా నొప్పించారు."

"నొప్పించలేదండీ, విసిగించాడు" అన్నాడాయన. చాలా రోజులుగా వాడని గొంతు కదా, కాస్త బొంగురుగా వచ్చింది. "మా ఆవిడ పోయాక మీరంతా నాతో ఎంతో మర్యాదగా ఉన్నారు. రోడ్డు మీద నేను కనబడితే, ఏం మాట్లాడాలో తెలీక అవతలి పక్కకి దాటేవారు. తప్పు పట్టడం లేదు, మీ చోట ఉంటే నేనూ దాటేవాణ్నే. ఇక్కడికొస్తే కుర్చీ చూపించేవారు. టీ ఇచ్చేవారు. గొంతులు తగ్గించేవారు. కొన్నాళ్లకి, ఆవిడతో పాటు నేనూ పోయానేమోనని నాకే అనుమానం వచ్చింది."

ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు.

"ఈయనొక్కడే నాకు జరిమానా వేశాడు. నేను తిరిగి వచ్చిన మొదటి వారమే. చొక్కా గుండీలు వంకరగా పెట్టుకున్నానని. నిజమే, చూసుకోలేదు. చూసి చెప్పే మనిషి లేదు. తరువాతి వారం అద్దం ముందు నిలబడి సరిగ్గా పెట్టుకొచ్చాను. గెడ్డం గీసుకోలేదన్నాడు. గీసుకొచ్చాను. బూట్లు చూపించాడు. తుడుచుకొచ్చాను. పట్టుకోడానికి ఇంకేం దొరక్క నవ్వలేదని రెండు వేస్తున్నాడు. ఈయనకి దొరక్కుండా ఎలా రావాలా అని ఆలోచించడానికే నాకు వారమంతా సరిపోతోంది. ఏడవడానికి తీరిక ఉండట్లేదు."

మా దర్జీ మెల్లగా లేచాడు. "నాకూ ఒకసారి వేశారండీ, కొట్టుకి కొత్త బోర్డు మరీ పెద్దది పెట్టానని. అప్పటిదాకా నేను కొట్టు మార్చానని మీలో ఒక్కరికీ తెలీదు. ఆ వారం నుంచే బేరాలు మొదలయ్యాయి."

అప్పుడు నా బుర్రకు వెలిగింది. ఒకడికి జరిమానా వేయాలంటే ముందు వాణ్ని పరికించి చూడాలి. బాబాయి వారం పొడుగునా వీధులన్నీ తిరిగేది, కొట్ల ముందు నిలబడేది, మా తప్పుల కోసం కాదు, మా కోసం. ఆ హాల్లోంచి ఎవరి కంటా పడకుండా ఇంటికి పోయిన మనిషి ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు. ఆయనకు మనసు లేదని తీర్మానించిన నన్ను తలుచుకుని నాకే సిగ్గేసింది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా మీరు" అన్నాడు అధ్యక్షుడు బాబాయితో.

బాబాయి నేలచూపులు చూశాడు. "చెబితే జాలి అవుతుందండీ. జాలి ఎవరు పుచ్చుకుంటారు? జరిమానా అయితే తిట్టుకుంటూనైనా కడతారు."

అధ్యక్షుడు తన ప్రతిపాదన తానే వెనక్కి తీసుకున్నాడు. ఆయన జీవితంలో చేసిన అతి చిన్న ఉపన్యాసం అదే. అందరూ చప్పట్లు కొట్టబోతుంటే ఫొటో స్టూడియో ఆయన చెయ్యెత్తి ఆపాడు. నడుచుకుంటూ ముందుకొచ్చి, కుర్చీ కిందున్న డబ్బా తీశాడు.

"ఇంకా అయిపోలేదు. ఇన్నాళ్లూ ఈయన మనందర్నీ చూశాడు. వారం రోజులుగా ఈయన తిండి తినడం లేదు. బెల్టుకి కొత్త బెజ్జం కొట్టుకున్నాడు. మీలో ఎవరైనా చూశారా?"

మేమంతా ఒక్కసారిగా బాబాయి బెల్టు వైపు చూశాం. కొత్త బెజ్జం ఉంది.

"సభ మొత్తానికి తలా ఒకటి. సొంత బాబాయి అయ్యుండి చూడనందుకు కార్యదర్శికి రెండు. బెంగ దాచుకున్నందుకు ఈయనకి మూడు."

బాబాయి మొహం చూడాలి మీరు. లాటరీ తగిలినవాడు కూడా అంత సంబరపడడు.

"మూడేంటండీ? అధికారి చేసిన నేరం. ఆరైనా వెయ్యాలి" అన్నాడు.

"జరిమానా వేసేది మీరా, నేనా?"

"మీరే."

"మరి వాదిస్తారేం? ఇంకొకటి."

హాలు గొల్లుమంది. మాతోపాటు ఫొటో స్టూడియో ఆయనా నవ్వాడు. బాబాయి వేలు చటుక్కున పైకి లేచింది.

"నవ్వారు. ఒకటే."

ఆ రోజు డబ్బా మూత పట్టలేదు. ఇప్పుడు ఒక వారం బాబాయి, ఒక వారం ఫొటో స్టూడియో ఆయన జరిమానాలు వేస్తున్నారు. కొత్తాయనతోనే మాకు ప్రాణసంకటంగా ఉంది. జీవితమంతా మనుషుల మొహాలు సరిచేసిన కన్ను కదా, కాలరు మడత కూడా వదలడు. అయితే ఒక్క బాబాయి విషయంలో మాత్రం ఆయన అప్పుడప్పుడూ మొహమాటపడి వదిలేసేవాడు. మొన్న పిన్ని స్టూడియో మెట్లెక్కి మరీ ఆ సంగతి తేల్చుకొచ్చింది.

"అన్నయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, మీ వంతు వచ్చినప్పుడు ఈయనకి ఏదో ఒకటి వేసి పంపించండి. వెయ్యని వారం ఇంటికొచ్చి, నన్నెవరూ చూడలేదని నన్ను కాల్చుకు తింటున్నాడు."