చింతపులుసులో ముంచిన మీటరు

బేరంలో నన్ను గెలిచినోడు హోసూరులో ఇంకా పుట్టలేదు. నీళ్ళ పులుపు కొలిచే పీహెచ్ మీటరు కొన్నప్పుడు, దాంతోపాటు తీసుకోవాల్సిన రెండు బుడ్లను బిల్లులోనుంచి కొట్టేయించిన మొనగాణ్ణి నేను. ఒకటి నాలుగు పీహెచ్ ద్రావణం, ఇంకోటి మీటరు మూతలో పోసిపెట్టేది. ఏడు పీహెచ్ బుడ్డి డబ్బాలోనే ఉచితంగా వచ్చింది. "సరిచూసుకోడానికి రెండుండాలప్పా. మొన తడారకుండా ఇంకోటి," అన్నాడు అంగడాయన. ఉప్పునీళ్ళు అమ్మి బతుకుతావా అని ఎగతాళి చేసి వచ్చేసినాను. కృష్ణగిరిలో చిల్లరంగడిలో పెరిగినోణ్ణి. అమ్మేవాడి మాట నమ్మితే మా నాయన పరువేం కావాల?

ఉద్దనపల్లి దగ్గర మా పాలీహౌసులో జెర్బెరా అప్పుడే మొగ్గ తొడుగుతావుంది. ప్రతి మొక్కా నా భార్య తన చేత్తో నాటింది. బోరు నీళ్ళలో యాసిడ్ కలిపి, మీటరు ఆరు చూపించినాక డ్రిప్పుకు వదలడం నా పని. అంకె దిగేకొద్దీ నీళ్ళు పులుపెక్కినట్టు. పొద్దున్నే తక్కెడ తట్ట తుడిచినట్టు, మీటరు గాజుమొనను పంచెకొంగుతో తళతళా రుద్దేవాణ్ణి. ఏడు ద్రావణంలో ముంచితే ఏడే చూపించేది. సరే అనుకుని ఆర్‌ఓ నీళ్ళ లోటాలో నిలబెట్టేవాణ్ణి. అంతకన్నా శుభ్రమైన నీళ్ళు యాడుంటాయి?

రానురానూ ఆరుకు దిగడానికి యాసిడ్ ఎక్కువ పడతా వచ్చింది. బోరు మారిందన్నాను. ఆకుల అంచులు మాడినాయి. ఎండ అన్నాను.

నా భార్య ఒక మొక్క పెరికింది. వేరు గోధుమరంగు తిరిగి, చేతికి జారిపోయింది. మీటరు వంటింట్లోకి తీసుకుపోయి, రసానికి పిసికిపెట్టిన చింతపులుసులో ముంచింది. అయిదున్నర. నిమ్మకాయ పిండి ముంచింది. ఇంచుమించు అంతే. రెండూ మూడుకు లోపలే చూపించాల్సినవి.

"నువ్వు ఆరని వదిలే నీళ్ళకూ నా పులుసుకూ అరమార్కే తేడా," అనింది. "మొక్కలకు ఇన్నాళ్ళూ ఏం పోసినావప్పా?"

 మీటరు చేతికి తీసుకుని గడపమీద కూర్చున్నాను. ఖాళీ తట్టలు సమంగా నిలిచినంత మాత్రాన తక్కెడ మంచిదని ఏ అంగడోడూ అనడు, తూకంరాయి వేసి చూస్తాడు. ఏడంటే పులుపూ కాదు చౌడూ కాదు, ఖాళీ తట్టే. చచ్చిన మొన కూడా ఆడ ఏడే చూపిస్తుంది. ఆర్‌ఓ నీళ్ళు దాని ఉప్పును లాగేసినాయి, మిగిలిన ప్రాణం నా పంచె తీసింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఎరిగిన సంగతి, నా చేతిలో ఉన్నదానికి మటుకు తోచలేదు. 

ఇప్పుడు కొత్త మీటరు మొనను కడిగి అద్దుతానే గాని రుద్దను. మూతలో ద్రావణం ఆరనివ్వను. వారం వారం ఏడులోనూ నాలుగులోనూ సరిచూస్తాను. వాడిన ద్రావణాన్ని తిరిగి బుడ్డిలో పోసుకోడానికి చెయ్యి లాగుతాది. నా భార్య చూస్తావుంటుంది, పారబోస్తాను.

ఇక బిల్లు. మిగిల్చింది, రెండు బుడ్ల ధర. పోయింది, ఒక మీటరు, క్యాన్లకొద్దీ యాసిడ్, ఆమె వంగి నాటిన మూడు వరసలు. తర్వాత ఆ రెండు బుడ్లూ కొన్నాను, కాబట్టి మిగిల్చింది కూడా కొట్టేయాల. నాలుగో వరస బతుకుతుందో లేదో ఇంకా తెలీదు. అది రాయకుండా ఖాళీ ఉంచినాను.