రెండు గళ్లలో ఒకే తేదీ

డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ముఖాలతో కాదు, మడమలతో గుర్తుపడతారు. వరుస వెనకాల నడుస్తూ, బూట్ల చప్పుడును బట్టే ఎవరు అరక్షణం వెనకబడ్డారో చెప్పేస్తారు. అలాంటి మనిషి మధ్యాహ్నం నుంచీ స్టాఫ్ రూములో ఒక కాగితం ముందు కూర్చుని, పెన్ను మూత తీస్తున్నారు, పెడుతున్నారు. క్యాడెట్ల స్కాలర్‌షిప్ ఫారం అది. వస్తే ఆయన దగ్గర డ్రిల్లు నేర్చుకునే ఒక పిల్ల కాలేజీకి వెళుతుంది, లేకపోతే లేదు. 'అభ్యర్థి సొంతంగా చొరవ చూపిన సందర్భం రాయండి' అని ఉంది అందులో. మూడేళ్లుగా చెప్పింది చెప్పినట్టు చేసిన పిల్లకి చొరవెక్కడిది?

"నీ అంతట నువ్వు ఎప్పుడైనా ఏమైనా చేశావా అమ్మా?" అని ఎదురుగా నిటారుగా నిలబడ్డ ఆ పిల్లనే అడిగారు. "ఒక్కసారేనండి. ఎండలో పక్కమ్మాయి కళ్లు తిరిగి పడిపోతుంటే, మీరు చెప్పకుండానే వరుస తప్పి పట్టుకున్నాను. మీరు మైదానం చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తించారు." "మరి అది తప్పే కదా?" అన్నారు మాస్టారు, ఎవరిని అడుగుతున్నారో తనకే తెలియకుండా. "అవునండి" అంది ఆ పిల్ల, మడమలు దగ్గరికి చేర్చి. చివరికి చొరవ గడిలో తేదీ వేసి అదే రాశారు. దాని కింద ఇంకో గడి ఉంది: 'ఎప్పుడైనా శిక్ష పడిందా? కారణం.' అబద్ధం రాయడం ఆయనకి చేతకాదు. అక్కడా అదే తేదీ వేసి, అదే సంగతి రాశారు. సంతకం దగ్గర మాత్రం పెన్ను ఆగిపోయింది. "మళ్లీ ఎవరైనా అలా వరుస తప్పితే నేనేం చెయ్యాలమ్మా?" అని అడిగారు.